మినహాయింపు ఎవరికి, దేని నుంచి?

సందేహం: “వ్యవసాయ వాహనాలకు లైసెన్సు మినహాయింపు” అని ఒకచోట, “లైసెన్సు రాయితీ” అని ఇంకోచోట చదివాను. ట్రాక్టర్ మీద మిర్యాలగూడ మిల్లులకు వడ్లు తోలే మా ఊరి పిల్లలు అది చూసి, ఇక లైసెన్సే అక్కర్లేదంటున్నారు. ఏ మాట సరైనది? ‘లైసెన్సు’ అని రాయాలా, ‘లైసెన్స్’ అనా? – ఒక పాఠకుడు, హాలియా

సమాధానం: రెండు మాటల్లో మినహాయింపే నయం. వాక్యం మాత్రం రెండు చోట్లా తప్పే.

రాయితీ అంటే భారం ఉంటుంది, కొంత తగ్గుతుంది. విత్తనాల మీద రాయితీ ఇచ్చినా మిగతా సొమ్ము రైతు కట్టాల్సిందే. సగం లైసెన్సు అనేది ఉండదు గదా! మాఫీ అప్పటికే నెత్తిన పడ్డ బాకీకి. సడలింపులో నియమం అలాగే ఉండి, బిగువు తగ్గుతుంది. ఆ నియమమే మనకు వర్తించదంటే అది మినహాయింపు. ఇది ఉర్దూ ‘మిన్‌హా’ నుంచి వచ్చింది. లెక్కలో తీసివేతకు వాడే మాట. అరబీలో ‘మిన్’ అంటేనే ‘నుంచి’. కాబట్టి మినహాయింపు అనగానే దేని నుంచి అని అడగడం న్యాయం. ‘పన్ను మినహాయింపు’ అన్నప్పుడు ఆ ‘నుంచి’ మింగేసినా అర్థం చెడదు. ఇక్కడ చెడింది.

ఎందుకంటే లైసెన్సు మనిషికి, పర్మిట్ (రవాణాకు వాడుకోవడానికి ఇచ్చే అనుమతి) బండికి. మన నోట ‘బండికి లైసెన్సుందా?’ అని వచ్చేస్తుంది, మాటల్లో చెల్లిపోతుంది. రాతలో ‘వాహనాలకు లైసెన్సు’ అంటే మాత్రం ఎవరి కాగితమో తెలియదు. 1988 మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ కింద, సరుకుతో కలిపి బరువు 3,000 కిలోలు మించని సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదు. దాన్ని రోడ్డు మీద నడిపే మనిషికి మాత్రం 3వ సెక్షన్ ప్రకారం లైసెన్సు ఉండాల్సిందే. మీ ఊరి పిల్లలకు ముందు ఈ ముక్క చెప్పండి.

ట్రాక్టర్ దగ్గర చిక్కు ఇంకా ఉంది. ‘రెండు ట్రాక్టర్ల వడ్లు పోయినయ్’ అంటాం. వడ్లు పోసేది ట్రాలీలో, లెక్క చెప్పేది ట్రాక్టర్ పేరుతో. చట్టం దీనికి సరిగ్గా ఎదురు: తనంతట తాను సరుకు మోయడానికి తయారు చేయనిదే ట్రాక్టర్ అంటుంది. ట్రాలీ తగిలించి సరుకు మోస్తే ఆ జోడీ సరుకు వాహనం కిందికి వస్తుందని 2005లో సుప్రీంకోర్టు ఒక రవాణా కంపెనీ కేసులో చెప్పింది. బండి అదే, వాడకాన్ని బట్టి చట్టంలో దాని పేరు మారిపోతుంది. అందుకే సొంత పంట తోలడానికా, కిరాయికా అన్నది వదిలేసి ‘వ్యవసాయ వాహనాలకు’ అని ఊరుకుంటే చాలదు. వ్యవసాయానిదేనంటూ ఇసుక తోలే ట్రాక్టర్లు మనకు తెలియనివా?

“3,000 కిలోలు మించని సరుకు వాహనాలకు పర్మిట్ నుంచి మినహాయింపు, నడిపేవారికి లైసెన్సు తప్పనిసరి” అని రాస్తే ఏ పేచీ లేదు. శీర్షిక పొడవైందంటే రెండో సగం కింది వరసలో వేసుకోవచ్చు.

‘లైసెన్సు’, ‘లైసెన్స్’ రెండూ వాడుకలో ఉన్నవే. ‘లైసెన్సుకు’, ‘లైసెన్సులు’ అని విభక్తులూ బహువచనమూ సులువుగా అతుకుతాయి గనక నేను మొదటిదే రాస్తాను.