పల్లేరు అక్కడా ఉంది

సైకిల్ సందేహాలు: పాఠకుల ప్రశ్నలకు తిరుపతి సైకిల్ మెకానిక్ జవాబులు

ప్రశ్న: అయ్యా, నమస్కారం. నాకు 61 ఏళ్లు. బ్యాంకు ఉద్యోగం చేసి ఈమధ్యే రిటైరయ్యాను. రోజూ పొద్దున ఐదున్నరకు ఇంటి నుంచి అలిపిరి దాకా సైకిల్ తొక్కుతాను. మా అబ్బాయి కాలిఫోర్నియాలో శాంటా రోసా అనే ఊళ్లో ఉంటాడు. ఆగస్టులో వెళ్లి మూడు నెలలు ఉండబోతున్నాం. అక్కడ ద్రాక్షతోటలూ అడవి కొండలూ పక్కపక్కనే ఉంటాయట. ‘నాన్నా, మౌంటెన్ బైకుల మీద తిరుగుదాం’ అంటున్నాడు. మా ఆవిడకు ఇప్పట్నుంచే టెన్షన్. ఈ వయసులో నా వల్ల అవుతుందా? ఇక్కడి నుంచి ఏం కొనుక్కుని వెళ్లాలి?
(ఒక పాఠకుడు, తిరుపతి)

జవాబు: సార్, మీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. మా అమ్మాయి కాపురం కూడా శాంటా రోసాలోనే. నాలుగేళ్ల కిందట నన్నూ అల్లుడు ఇలాగే ఊరించాడు. ముప్పై ఏళ్లుగా సైకిళ్లు బాగుచేస్తున్నవాడిని, నాకు తొక్కడం నేర్పేదెవరులే అనుకుని వెళ్లాను. మొదటిరోజే పడ్డాను. ఎలా పడ్డానో ముందు చెప్తాను. చెప్పకపోతే మీరూ అలాగే పడతారు.

మన సైకిళ్లకు కుడిచేతి బ్రేకు ముందు చక్రానిది, ఎడమచేతిది వెనక చక్రానిది. అమెరికాలో తిరగేసి ఉంటుంది, ఎడమచేతిదే ముందు చక్రానికి. అల్లుడు చెప్పాడు, నేను విన్నాను. కానీ చేతులకు చెవులుండవు కదా. దిగుడులో అడ్డంగా ఒక రాయి కనబడగానే, నలభై ఏళ్ల అలవాటు కొద్దీ వెనక బ్రేకే అనుకుని ఎడమచేత్తో గట్టిగా పట్టేశాను. అది ఆయిల్‌తో పనిచేసే డిస్కు బ్రేకు, ఒక్క వేలితో నొక్కితే చాలు. ముందు చక్రం నిలబడిపోయింది, నేను నిలబడలేదు. హ్యాండిల్ మీదుగా పల్టీకొట్టి ఎండుగడ్డిలో పడ్డాను. మోచెయ్యి చీరుకుపోయింది. అల్లుడి ముందు పరువు కూడా పోయింది, అది వేరే సంగతి.

కాబట్టి అక్కడ సైకిల్ చేతికి రాగానే ఎక్కకండి. పక్కన నిలబడి, దాన్ని ముందుకు నడిపిస్తూ ఎడమ లివరు ఒకసారి, కుడి లివరు ఒకసారి నొక్కి చూడండి. ఎడమది నొక్కితే వెనక చక్రం పైకి లేస్తుంది. ఆ లేవడాన్ని కళ్లారా చూస్తే బుర్రకెక్కుతుంది. సైకిల్ మీ సొంతానిదైతే అక్కడి దుకాణంలో బ్రేకులు అటుదిటు మార్పించుకోవచ్చు, పెద్ద పనేం కాదు. నేనైతే మార్పించుకోమనే చెప్తాను. అద్దెదైతే ఒప్పుకోకపోవచ్చు, అప్పుడు మొదటి వారం చదును దారిలోనే తొక్కండి.

రెండోది గాలి. మన దగ్గర గాలి కొట్టించుకున్నవాడు బొటనవేలితో టైరు నొక్కి చూసి, అది రాయిలా ఉంటేనే డబ్బులిస్తాడు. నేనూ అలాగే కొట్టిచ్చేవాణ్ని. తారు రోడ్డుకు అది సరే. రాళ్లదారిలో గట్టి టైరు ప్రతి రాయినీ తన్ని ఎగురుతుంది, ఎగిరిన చక్రానికి బ్రేకు పట్టదు. చాలామంది కొండంటే భయం అంటారు గానీ, ఆ భయంలో సగం ఎక్కువ గాలి వల్ల వచ్చేదే. మెత్తటి టైరు రాయి మీద ఒదిగి దాన్ని మింగేస్తుంది. మీ బరువు 70 కిలోల దగ్గర ఉండి, టైరు 2.3 అంగుళాల వెడల్పు ట్యూబ్‌లెస్ అయితే 22 నుంచి 26 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) చాలు. ముందు టైరులో వెనకదానికంటే ఒకటి రెండు తగ్గించండి. లోపల ట్యూబు ఉంటే మాత్రం 30 దాకా పెట్టాలి. లేదంటే రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి, పాము కాటేసినట్టు పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి. ఇది ఇక్కడే నేర్చుకుని వెళ్లండి. మీ సైకిల్లో కాస్త గాలి తగ్గించి, తెలిసినవాళ్ల మామిడితోటలో బాట మీద తిరగండి. సీటు మీంచి లేచి, రెండు పెడళ్లూ సమానంగా ఉంచి, మోకాళ్లూ మోచేతులూ వదులుగా పెట్టండి. చూపు చక్రం ముందున్న రాయి మీద కాదు, పది గజాల అవతల ఉండాలి.

పంక్చర్ల మాట. అక్కడ అల్లుడి సైకిల్ టైరులోంచి ఒక ముల్లు పీకి అరచేతిలో పెట్టుకుని చూస్తే, పల్లేరు కాయ! చిన్నప్పుడు మా ఊరి బీడులో కాళ్లకు గుచ్చుకున్నదే. ఎలా పడేసినా ఒక కొమ్ము పైకే నిలబడి ఉంటుంది చూడండి, అదే. మన నేల నుంచో ఆ చుట్టుపక్కల నుంచో అమెరికా చేరి, అక్కడి సైకిల్‌వాళ్ల ప్రాణం తీస్తోంది. టైరు లోపల సీలెంట్ ద్రవం పోయించుకుంటే చిన్న చిల్లులు వాటంతటవే పూడిపోతాయి. ముల్లు కనబడితే అక్కడికక్కడ పీకేయకండి, పీకితేనే గాలి పోతుంది. ఇంటికొచ్చాక చూసుకోవచ్చు.

మీరు తిరగబోయేది బహుశా ఊరికి ఆనుకునే ఉన్న అన్నాడెల్ పార్కు. ఐదు వేల ఎకరాలకు పైనే ఉంటుంది. ఓక్ చెట్లు, ఎండాకాలంలో బంగారు రంగుకు తిరిగిన గడ్డి, నడుమ ఇల్సాంజో అనే చిన్న చెరువు. దారి నిండా అగ్నిపర్వతపు రాళ్లు. ఒకప్పుడు సాన్ ఫ్రాన్సిస్కో వీధుల్లో పరచడానికి రాళ్లు కొట్టి తీసుకెళ్లింది ఇక్కణ్నుంచే. మిగిలినవన్నీ సైకిల్‌వాళ్లకే వదిలేసినట్టున్నారు.

అక్కడ ‘పాయిజన్ ఓక్’ అని ఒక పొద ఉంటుంది, ఒక్కో రెమ్మకు మూడేసి ఆకులు. మీరు వెళ్లే రోజులకు ఆకులు ఎర్రబారి చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. తాకారో, ఒకటి రెండు రోజుల్లో బొబ్బలు, దురద. పేరుకు ఓక్ గానీ అది మామిడి, జీడిమామిడి, నల్లజీడి కుటుంబానిది. కాయ కోసేటప్పుడు సొన పడి మూతి కాలిన చిత్తూరు జిల్లావాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు. తగిలిందనిపిస్తే వెంటనే సబ్బుతో, చల్లటి నీళ్లతో కడుక్కోండి. దాని జిడ్డు బట్టలకూ హ్యాండిల్‌కూ అంటుకుని ఉండిపోతుంది, వాటినీ కడగాలి. నిండు ప్యాంటు వేసుకుంటే సగం బాధ తప్పుతుంది.

ఆ దారుల్లో గుర్రాల మీద వచ్చేవాళ్లూ ఉంటారు. సైకిల్‌వాడు నడిచేవాళ్లకూ గుర్రాలకూ ఇద్దరికీ దారివ్వాలి, అక్కడి పద్ధతి అది. గుర్రం కనబడితే ఆగి, దిగి, ‘హలో’ అని పలకరించండి. రౌతు కోసం కాదు, గుర్రం కోసం. మాట వినబడితే అది మనిషని గుర్తుపట్టి బెదరదు. నేను తెలుగులో మాట్లాడినా బెదరలేదు.

ద్రాక్షతోటల విషయానికొస్తే, మీరు వెళ్లేది కోత కాలం. మనలా పందిరి వేయరు, ఎక్కువగా తీగెల కంచెలా వరసలు కట్టి పాకిస్తారు. వైన్‌కు వాడే ద్రాక్ష చిన్న గోళీకాయంత ఉంటుంది, దళసరి తోలు, లోపల గింజలు, విపరీతమైన తీపి. చల్లదనం కోసం రాత్రిపూట లైట్లు పెట్టుకుని కోస్తారు. పొద్దున్నే సన్న రోడ్ల మీద ద్రాక్ష లారీలు, ట్రాక్టర్లు ఎదురవుతాయి. పైగా అక్కడ బండ్లు కుడిపక్కన నడుస్తాయి, జాగ్రత్త. వరసల మధ్య బాట నున్నగా ఊరిస్తుంది గానీ అది సొంత భూమి, అడక్కుండా దూరకండి. ఇక రుచి చూడమని అబ్బాయి బలవంతపెడితే సైకిల్ ఇంట్లో పెట్టాకే. తాగి సైకిల్ తొక్కినా ఆ రాష్ట్రంలో నేరమే.

సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కార్చిచ్చు భయం ఉంటుంది. 2017 అక్టోబరులో శాంటా రోసాలో వీధులకు వీధులే కాలిపోయాయి, అన్నాడెల్లో కూడా కొంత భాగం తగలబడింది. వేడిగాలి వీచే రోజు అడవి వైపు వెళ్లొద్దు.

ఒక ఆదివారం ఖాళీగా ఉంటే అబ్బాయిని ఫెయిర్‌ఫాక్స్ అనే ఊరికి తీసుకెళ్లమనండి. గంటకు అటూ ఇటూ ప్రయాణం. అక్కడ సైకిల్ మ్యూజియం ఉంది. 1970లలో ఆ చుట్టుపక్కల కుర్రాళ్లే పాత లావు టైర్ల సైకిళ్ల మీద కొండమీది మట్టిదారిలో కిందికి దూసుకొచ్చేవాళ్లు. 1976లో పందెమే మొదలుపెట్టారు. పేరు ‘రీప్యాక్’. ఆ పాత సైకిళ్లకు ఉండేది పెడల్ వెనక్కి తొక్కితే పట్టే బ్రేకు. కిందికి దిగేసరికి వేడికి చక్రం నడిమి హబ్బులో గ్రీజంతా పొగైపోయేది, మళ్లీ విప్పి కొత్తగా గ్రీజు పెట్టాలి, అందుకని ఆ పేరు. మౌంటెన్ బైక్ పుట్టుక గురించి ఎవరెన్ని చెప్పినా, నాకు ఆ గ్రీజు వాసనే గుర్తొస్తుంది. మెకానిక్ బుద్ధి.

కొనుక్కెళ్లేదేం లేదు. గ్లవ్స్, మెత్త ఉన్న సైకిల్ నిక్కరు, అంతే. హెల్మెట్ మీ తలకు అక్కడే కొలిచి కొనుక్కోండి. బీపీ, షుగర్ ఉంటే డాక్టరును అడిగి వెళ్లండి. అన్నిటికంటే ముఖ్యం, ఇన్సూరెన్స్ లేకుండా అక్కడ సైకిల్ ఎక్కొద్దు. మీ పాలసీ సైకిల్ దెబ్బలకు వర్తిస్తుందో లేదో ఇక్కడే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. నా మోచేతికి కుట్లు పడలేదు కాబట్టి సరిపోయింది. అమ్మగారికి బ్రేకు సంగతి చెప్పండి, నేను పడ్డ సంగతి చెప్పకండి.

ప్రశ్న: అన్నా, మేం నలుగురం ఇంజినీరింగ్ స్టూడెంట్లం. గేర్ సైకిళ్లున్నాయి. శేషాచలం అడవిలో తెల్లారుజామున ఎవరూ చూడకుండా ఒక ట్రైల్ వేద్దామనుకుంటున్నాం. ఏ దారి బాగుంటుంది?
(చంద్రగిరి)

జవాబు: ఏ దారీ బాగుండదు తమ్ముడూ. అది 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వు. అందులో శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్కు ఉంది. ఎర్రచందనం కోసం దొంగలు, వాళ్ల కోసం టాస్క్‌ఫోర్స్ వాళ్లు, ఇద్దరూ తిరిగేది ఆ తెల్లారుజామునే. చీకట్లో చప్పుడు చేస్తూ వచ్చే నలుగురు మీరెవరో వాళ్లకెలా తెలుస్తుంది? చిరుత సంగతి సరేసరి. పర్మిషన్ లేకుండా రిజర్వ్ ఫారెస్టులో అడుగుపెట్టడమే నేరం, కేసయితే ఉద్యోగాలప్పుడు ఏడుస్తారు.

మీ ఊరి చుట్టూ చెరువు కట్టలున్నాయి, మామిడి తోపుల మధ్య బండి బాటలున్నాయి. తోట ఆసామిని ఒక మాట అడిగితే కాదనడు, కాయ కాసే నెలల్లో తప్ప. ఘాట్ ఎక్కాలన్న సరదా ఉంటే మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్‌కు పొండి. దిగేటప్పుడు బ్రేకు పట్టుకునే ఉండకండి, పట్టి వదులుతూ రండి. లేదంటే రిమ్ము కాలిపోతుంది.

ప్రశ్న: మాస్టారూ, ద్రాక్షతోటల మధ్య సైకిల్ తొక్కాలంటే అమెరికానే పోవాలా? మనకు దగ్గర్లో లేవా?
(పలమనేరు)

జవాబు: మీకైతే బాగా దగ్గరే. ముళబాగిలు, కోలారు మీదుగా చిక్కబళ్లాపురం వైపు వెళ్తే అంతా ద్రాక్ష. బెంగళూరు బ్లూ అని నల్లగా, వాసనగా ఉండే రకం, జ్యూసుకూ వైన్‌కూ వాడతారు. పక్కనే 1,478 మీటర్ల నంది కొండ. శని, ఆదివారాలు బెంగళూరు కార్లన్నీ అక్కడే ఉంటాయి, మామూలు రోజున పొద్దున్నే పొండి. తోటల్లోకి రైతు రమ్మంటే సైకిల్ దిగి నడిపించుకుంటూ వెళ్లండి. పందిరి తల ఎత్తులోనే ఉంటుంది, హెల్మెట్ గుత్తులకు తగిలి కాయ రాలిందంటే రెండోసారి రానివ్వడు.