పెంగ్విన్ల మీద రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

నువ్వు పంపిన పెంగ్విన్ల వ్యాసం తీరిగ్గా చదివాను. వాక్యం నీకు పట్టుబడింది. అయితే "ప్రకృతి వరం", "అద్భుత సృష్టి" లాంటి మాటలు తీసెయ్. చలిని తట్టుకోవడం పెంగ్విన్‌కు రోజూ ఉండే పని. ఆ పని ఎలా జరుగుతుందో చెప్పు, అద్భుతమని పాఠకుడే అనుకుంటాడు.

"ఒంట్లో కొవ్వుంటుంది కాబట్టి చలి వేయదు" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. కొవ్వు ఉన్నమాట నిజమే. కానీ ఒడ్డున ఉన్నప్పుడు చలిని ఎక్కువగా ఆపేది ఈకలే. పైన పొట్టి ఈకలు ఇంటికప్పు పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఉంటాయి. వాటి కింద మెత్తటి నూగు గాలిని కదలనివ్వకుండా పట్టి ఉంచుతుంది. తోక మొదట్లోని గ్రంథి నుంచి ముక్కుతో నూనె తీసి ఈకలకు పూసుకుంటుంది, నీళ్లు లోపలికి దిగకుండా. చాలా జాతుల్లో ఏడాదికోసారి ఈకలన్నీ ఒక్కసారే ఊడి, కొత్తవి వస్తాయి. అప్పటిదాకా సముద్రంలోకి దిగడానికి లేదు, వారాల తరబడి పస్తే. ఇది నీ వ్యాసంలో లేదు. తప్పకుండా ఉండాలి.

కాళ్ల దగ్గర ఇంకాస్త ఆగు. ఉత్త పాదాలతో మంచు మీద నిలబడుతుంది కదా! కాలిలోకి దిగే వేడి నెత్తురు, పైకెక్కే చల్లటి నెత్తురు పక్కపక్క నాళాల్లో నడుస్తాయి. దిగే నెత్తురు తన వేడిని ఎక్కేదానికి ఇచ్చేస్తుంది. పాదం గడ్డకట్టదు గానీ చల్లగానే ఉంటుంది. ఒంటి వేడి మాత్రం ఒంట్లోనే మిగులుతుంది.

ఎంపరర్ పెంగ్విన్ భాగం బాగా రాశావు. మైనస్ 40 డిగ్రీల దాకా పడిపోయే చలికాలంలో మగది గుడ్డును పాదాల మీద పెట్టుకుని, పొట్ట కింది చర్మపు మడతతో కప్పి, రెండు నెలలకు పైగా పొదుగుతుందన్నావు. గుంపు సంగతి కూడా చేర్చు. ఒకదానికొకటి ఆనుకుని నిలబడి, చిన్న చిన్న అడుగులతో కదులుతూ ఉంటాయి. గుంపు నడిమధ్య వేడి ఒక్కోసారి 37 డిగ్రీలకు చేరుతుంది.

ఇక అసలు లోపం. నీ పెంగ్విన్లన్నీ మంచు మీదే ఉన్నాయి! సుమారు 18 జాతుల్లో అంటార్కిటికా ఖండం మీద గుడ్లు పెట్టేవి కొన్నే. మిగతావి న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, పెరూ, చిలీ, నమీబియా, దక్షిణాఫ్రికా తీరాల్లో, దక్షిణ సముద్రాల దీవుల్లో ఉంటాయి. గాలాపగోస్ పెంగ్విన్ భూమధ్యరేఖ మీదే బతుకుతుంది, అక్కడికి వచ్చే చల్లటి ప్రవాహాల పుణ్యమా అని. ధ్రువపు ఎలుగుబంటి బొమ్మ తీసెయ్, అది ఉత్తర ధ్రువం వైపుది.

ఆఫ్రికా పెంగ్విన్‌కు ఎండతోనే టెన్షన్. కళ్ల పైన ఈకల్లేని గులాబీ రంగు చర్మం ఉంటుంది, అక్కడికి నెత్తురు పంపి వేడి వదులుకుంటుంది. పూర్వం పక్షుల రెట్ట పేరుకుని గట్టిపడ్డ పొరల్లో గుంతలు తవ్వుకుని నీడన గుడ్లు పెట్టేది. 19వ శతాబ్దంలో ఎరువు కోసం మనుషులు ఆ పొరలు గీకి పట్టుకుపోయారు. ఇప్పుడు చాలాచోట్ల బయటే గూడు. ఎండ మరీ ముదిరితే తల్లిదండ్రులు గుడ్లు వదిలేసి నీళ్లలోకి పోతాయి. దీనికి రెండు పేరాలు ఇచ్చి, వ్యాసం మళ్లీ పంపు. ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు