కుటుంబ చికిత్స నేర్చుకోబోతున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

సైకాలజీలో ఎం.ఏ. పూర్తయిందనీ, దంపతులకూ కుటుంబాలకూ చికిత్స చేసే పనిలోకి రావాలనుకుంటున్నాననీ, ఏ కోర్సులో చేరాలో చెప్పమనీ రాశావు. నీ నిర్ణయం నాకు ఎంతో సంతోషం కలిగించింది. అయితే కోర్సు పేరు కంటే ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. నీవు ఒక కుటుంబంతో మాట్లాడుతున్నప్పుడు అనుభవజ్ఞులెవరైనా నిన్ను గమనిస్తూ, అక్కడికక్కడే సరిదిద్దే ఏర్పాటు ఆ సంస్థలో ఉన్నదా లేదా అన్నది మొదట కనుక్కో. అది లేనిచోట ఎన్ని ఉపన్యాసాలు విన్నా, ఎన్ని సర్టిఫికెట్లు చేతికొచ్చినా ఈ విద్య అబ్బదు.

మన దేశంలో కుటుంబ చికిత్సకులకంటూ విడిగా రిజిస్ట్రేషన్ లేదు. కాబట్టి ముందు ఒక మూల వృత్తి సంపాదించుకోవాలి. క్లినికల్ సైకాలజీ అయితే భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) గుర్తించిన శిక్షణ పొంది, దాని రిజిస్టరులో పేరు నమోదు చేయించుకోవాలి. ఆ చదువుల పేర్లు, పద్ధతులు ఇప్పుడు మారుతున్న దశలో ఉన్నాయి కనుక దరఖాస్తుకు ముందు మండలి తాజా జాబితా చూసుకో. సైకియాట్రిక్ సోషల్ వర్క్, అంటే మానసిక రోగులకూ వారి ఇంటివారికీ తోడ్పడే సామాజిక సేవా వృత్తి, రెండో దారి. కుటుంబంతో పనిచేయడం ఆ శాఖకు మొదటి నుంచీ ముఖ్యమైన పని కాబట్టి నా మొగ్గు అటే. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య, నాడీ శాస్త్రాల సంస్థ నిమ్‌హాన్స్‌లో రోగిని ఒక్కరినే కాక కుటుంబాన్నే చేర్చుకుని చికిత్స చేసే విభాగం ఉంది. అక్కడ శిక్షణ దొరికితే వదులుకోకు. బ్రిటన్‌లో ఈ చదువు సాధారణంగా నాలుగేళ్ల పాటు మెట్లుమెట్లుగా సాగుతుంది, అమెరికాలో రాష్ట్ర ప్రభుత్వాలే లైసెన్సు ఇస్తాయి. కానీ తెలుగు కుటుంబాలతో పనిచేయాలనుకునేదానివి ఇక్కడ మొదలుపెట్టడమే మేలు.

మన దేశంలో ఈ పనికి ఉన్న చరిత్ర కూడా తెలుసుకో. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో పాశ్చాత్య దేశాల్లో స్కిజోఫ్రెనియా అనే తీవ్ర మానసిక వ్యాధికి తల్లి పెంపకమే కారణమని కొందరు పేరున్న వైద్యులు నమ్మారు. ఆ నిందను తల్లులు ఏళ్ల తరబడి మోశారు. అది తప్పని తర్వాత తేలింది. దాదాపు అదే కాలంలో, 1950లలో, అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువులను పిలిపించి, ఆవరణలోనే గుడారాలు వేయించి, చికిత్సలో వారిని భాగస్వాములను చేశారు. కుటుంబాన్ని దోషిగా కాక తోడుగా చూసిన ఆ దృష్టి నీలో స్థిరపడితే మిగిలిన సిద్ధాంతాలను నీవు సరిగ్గా వాడుకోగలుగుతావు.

సిద్ధాంతాలలో ముందుగా ఇటలీలోని మిలాన్ బృందమనే కుటుంబ చికిత్సకులు 1980లో చెప్పిన వలయ ప్రశ్నల పద్ధతిని, అంటే ఇద్దరి మధ్య జరిగేదాన్ని మూడో మనిషిని అడిగి తెలుసుకోవడాన్ని, సాధన చెయ్యి. ‘మీ ఆయన ఎందుకు మాట్లాడరు?’ అని భార్యను అడిగితే ఫిర్యాదు వస్తుంది. ‘మీ అన్నయ్య మాట మానేసినప్పుడు మీ అమ్మగారు ముందు ఎవరి దగ్గరికి వెళ్తారు, అప్పుడు మీ వదిన ఏం చేస్తారు?’ అని ఆడపడుచును అడిగితే, ఎవరి నడత ఎవరిని ఎలా కదిలిస్తున్నదో అందరికీ ఒకేసారి కనిపించడం మొదలవుతుంది.

మూడు తరాల కుటుంబ పటం, అంటే జెనోగ్రామ్, గీయడంలో నీవు ఎక్కువ కాలం గడపాలి. చతురస్రం పురుషుడికి, వృత్తం స్త్రీకి అన్నది ఒక్క పూటలో వచ్చేస్తుంది. కానీ పాశ్చాత్య పాఠ్యపుస్తకాలు మన మేనరికాలను దృష్టిలో పెట్టుకుని రాసినవి కావు. మేనత్త కొడుకును చేసుకున్న అమ్మాయి అత్తగారి మీద ఫిర్యాదు చేస్తే, అది ఆమె సొంత తండ్రి తోబుట్టువు మీద చేసిన ఫిర్యాదు అవుతుంది. ఆ తండ్రి కూతురి పక్షాన నిలిస్తే తన అక్కతో తెగుతుంది, అక్క మాట కాదనకపోతే కూతురు ఒంటరిదవుతుంది. అందువల్ల ఆ తండ్రి మౌనం చేతగానితనంలా కనిపించినా నిజానికి రెండు బంధాల మధ్య ఇరుక్కున్న మౌనం. పటంలో ఆ గీతలు రెండు వైపులా గీసి చూపిస్తే తప్ప ఈ సంగతి అర్థం కాదు. పొలం ఎవరి పేరున ఉంది, చదువుకు డబ్బు ఎవరు పెట్టారు, పెళ్లినాటి ఏ మాట ఇంకా తీరలేదు అన్నవి కూడా ఆ పటం మీదే రాసుకో. మొదటి పటం నీ కుటుంబానిదే కావాలి. ఇంట్లో గొడవ జరిగినప్పుడల్లా నీవు ఎవరి పక్షాన నిలిచేదానివో అందులో తెలుస్తుంది. రేపు చికిత్స గదిలోనూ అటే ఒరిగిపోతావు.

గమనించి సరిదిద్దే గురువు ఉండాలన్న నా మొదటి షరతుకు కారణం ఇదే. నీ వయసు కోడలు కన్నీళ్లు పెట్టుకుంటే నీ కుర్చీ, నీ చూపు, నీ ప్రశ్నలు నీకు తెలియకుండానే ఆమె వైపు తిరుగుతాయి. అత్తగారు ఆ సంగతి నీకంటే ముందే గ్రహించి, మరోసారి రారు. ఒకవైపు నుంచే కనిపించే అద్దం వెనుక కూర్చున్న గురువు, లేదా కుటుంబం రాతపూర్వకంగా ఒప్పుకున్న తర్వాత తీసిన వీడియో మాత్రమే దాన్ని నీకు చూపించగలవు. వీడియోలో మాటలు తీసేసి, ఎవరు ఎవరి వైపు చూస్తున్నారో మాత్రమే గమనిస్తూ ఒకసారి చూడు. పెద్దాయనను ముందుగా పలకరించి ఆయన మాట పూర్తిగా విన్న తర్వాతే చిన్నవారిని అడగడం మన ఇళ్లలో మర్యాద. ఆ మర్యాద పాటిస్తూనే కోడలికి మాట్లాడే చోటు కల్పించడం మన దగ్గర ప్రత్యేకంగా నేర్చుకోవలసిన నైపుణ్యం.

అయితే నిష్పక్షపాతానికి ఒక హద్దు ఉంది, దాన్ని ఎవరు చెప్పినా దాటకు. దంపతులను కలిపి కూర్చోబెట్టే ముందు ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి, దెబ్బలూ బెదిరింపులూ ఉన్నాయేమో స్పష్టంగా అడుగు. భయపడుతున్న మనిషి గదిలో చెప్పిన నిజానికి ఇంటికి వెళ్లాక శిక్ష అనుభవించవలసి రావచ్చు. అలాంటప్పుడు ఉమ్మడి సమావేశాలు ఆపి ముందు ఆమె భద్రత చూడాలి. 2005 నాటి గృహహింస చట్టం, దాని కింద పనిచేసే రక్షణ అధికారుల బాధ్యతలు నీకు బాగా తెలిసి ఉండాలి. ‘సర్దుకుపోండి’ అన్న మాట మాత్రం నీ నోటి నుంచి రాకూడదు. ఆ మాట ఆమె అప్పటికే అందరి దగ్గరా విని నీ దగ్గరికి వచ్చింది.

దరఖాస్తు పంపే ముందు నీవు అనుకుంటున్న సంస్థలకు ఉత్తరం రాసి, శిక్షణ కాలంలో ఎన్ని కుటుంబాలను నీవు స్వయంగా చూస్తావో, అందులో ఎన్నింటిని గురువులు ప్రత్యక్షంగా గమనిస్తారో, తెలుగులో మాట్లాడే కుటుంబాలు దొరుకుతాయో లేదో అడుగు. వారి జవాబులు నాకు పంపితే, ఎక్కడ చేరాలో ఇద్దరం కూర్చుని నిర్ణయిద్దాం.