అక్షరాల ఆట తయారుచేస్తున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

పిల్లలకు గుణింతాలు నేర్పే ఆట కోసం నువ్వు గీసి పంపిన బొమ్మలన్నీ శ్రద్ధగా చూశాను. రంగుల ఎంపికలోనూ, పాత్రల ముఖాల్లో భావాలు పలికించడంలోనూ నీ చేయి బాగా తిరిగింది. అయితే బుడగ మీద అక్షరం రాసి, దాన్ని పగలగొట్టగానే నక్షత్రం ఇచ్చే పద్ధతిని మాత్రం వదిలిపెట్టమని గట్టిగా చెబుతున్నాను. అక్కడ అక్షరాన్ని తీసేసి మామిడిపండు బొమ్మ పెట్టినా ఆట ఏమీ మారదు.

పాఠం ఆటలో కలిసిపోవడానికీ, పైపైన అతికించినట్టు ఉండడానికీ ఉన్న తేడా మన పాత ఆటల్లోనే కనిపిస్తుంది. వైకుంఠపాళిలో నిచ్చెనలు పుణ్యాలకు, పాములు పాపాలకు గుర్తులే గాని, ఎక్కడికి వెళ్లాలో పందెమే నిర్ణయిస్తుంది గనుక, వాటి గురించి ఆలోచించకుండానే పిల్లవాడు ఆట ముగించగలడు. వామనగుంటల్లో అలా కుదరదు. ఏ గుంటలో ఎన్ని చింతపిక్కలున్నాయో, ఒక్కొక్కటిగా వేసుకుంటూ పోతే చివరి పిక్క ఎక్కడ పడుతుందో లెక్క చూసుకోనివాడికి గెలవడం కష్టం. నీ ఆటలోనూ పాఠం నియమంలోనే ఉండాలి. నీ బొమ్మ ఆ నియమాన్ని కంటికి కట్టాలి.

గుణింతంలో అందుకు కావలసినంత అవకాశం ఉంది. ‘క’ మీది తలకట్టు పోయి, ఆ చోట గుడి చేరితేనే ‘కి’ అవుతుంది కనుక, పిల్లలే వేలితో తలకట్టును పక్కకు లాగి, గుడిని తెచ్చి పెట్టేలా చెయ్యి. కొమ్ము దగ్గర ఇంకా జాగ్రత్త అవసరం. ‘క’కు కొమ్ము కుడిపక్కన చేరుతుంది, ‘వ’కు కూడా అలాగే చేరిస్తే అది ‘మ’లా కనిపిస్తుంది కాబట్టి ‘వు’లో కొమ్ము కిందికి దిగుతుంది. పిల్లవాడు పొరపాటున పక్కనే అతికిస్తే ఎర్ర గుర్తు వేసి మోత మోగించవద్దు. తెర మీద ‘మ’ను చూపించి, ఆ ధ్వనినే వినిపించు, తాను ఏం చేశాడో వాడికే తెలుస్తుంది. ‘మొ’, ‘యొ’ల రూపం కూడా ‘కొ’ పోలికలో ఉండదు గనుక, ఒకే యానిమేషన్‌ను హల్లులన్నిటికీ వాడాలనే ఆలోచన పెట్టుకోకు.

తప్పు జవాబులను కూడా ఆలోచించి ఎంచుకోవాలి. ‘థ’ పక్కన ‘ల’ పెడితే ఎవరైనా గుర్తుపడతారు. ‘ధ’ పెట్టినప్పుడే పిల్లల చూపు పొట్టలోని చుక్క దగ్గర ఆగుతుంది. ‘రథం’ను ‘రధం’ అని రాసే పెద్దలు ఎందరో ఉన్నారు, వారికీ నీ ఆట పనికొస్తుంది.

ఫాంటు ఎంచుకునేటప్పుడు అందం ఒక్కటే చూడకుండా ఆ చుక్క, ఆ కొమ్ము చిన్న ఫోనులో స్పష్టంగా కనిపిస్తున్నాయో లేదో చూడు. మామూలు రాతకు మండలి, పెద్ద శీర్షికలకు రామభద్ర అనే ఫాంట్లు బాగుంటాయి, రెండూ ఉచితమే. ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్లలో, యూనిటీలో అక్షరాలు చూపించే టెక్స్ట్‌మెష్ ప్రో తెలుగు వత్తులను తనంతట తాను సరిగా కూర్చలేదు; గోడో 4 కూర్చగలదు. ఏది వాడినా ముందుగా ‘స్త్రీ’, ‘లక్ష్మి’ అనే మాటలు టైపు చేసి పరీక్షించు. ఇంగ్లిషు కొలతతో వదిలిన వరుసల ఎడంలో మన గుడులూ వత్తులూ ఒకదానికొకటి తగులుతాయి, కాబట్టి ఎడం పెంచు.

బొమ్మల బరువు కూడా గమనించు. 2048 పిక్సెళ్ల చదరపు చిత్రం ఒక్కటి, కుదించకపోతే ఫోను మెమరీలో 16 ఎంబీ ఆక్రమిస్తుంది. చవక ఫోనులో ఆడే పిల్లలే నీ ఆట అవసరం ఎక్కువగా ఉన్నవారు.

ఇకపై కొత్త తెర గీయకముందు, అట్టముక్కలతో ‘క’, ‘వ’, తలకట్టు, గుడి, కొమ్ము కత్తిరించి, ఒకటో తరగతి పిల్లల ముందు పెట్టి, ఏమీ చెప్పకుండా పక్కన కూర్చుని చూడు. వాళ్ల చేతులు ఎక్కడ ఆగాయో రాసి నాకు పంపితే, తెరల వరుస ఇద్దరం కలిసి నిర్ణయిద్దాం.

ఆశీస్సులతో,
మామయ్య