పాలియేటివ్ కేర్: వార్డు, పాఠం, పరిశోధన

ప్రశ్న: మెడిసిన్‌లో పీజీ పూర్తిచేశాను. బోధనాసుపత్రి పాలియేటివ్ కేర్ (తీవ్రమైన జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించే వైద్యం) విభాగంలో చేరబోతున్నాను. అక్కడ పని ఎలా ఉంటుంది? అధ్యయనం ముగిసేలోపే రోగులు చనిపోతుంటే పరిశోధన ఎలా నిలుస్తుంది?

జవాబు: డాక్టర్ గారూ, మీ పనిలో చాలాభాగం వేరే విభాగాల వార్డుల్లోనే. మీ సలహా కోరుతూ వాళ్ళు పంపే కన్సల్ట్ కాగితం మీద 'నొప్పి' అని ఉంటుంది. తీరా వెళ్ళి చూస్తే జబ్బు ఏ దశలో ఉందో రోగికి ఎవరూ చెప్పి ఉండరు. అందుకే మంచం దగ్గరికి వెళ్ళేముందు మిమ్మల్ని పిలిచిన డాక్టరుతో మాట్లాడండి. చూశాక కూడా ఫోన్ చేయండి. కేస్‌షీట్‌లో రాసి వదిలేసిన సలహా చాలాసార్లు అక్కడే ఉండిపోతుంది.

రెసిడెంట్లకు (శిక్షణలో ఉన్న డాక్టర్లకు) మొదట తీవ్ర నొప్పికి ఇచ్చే మార్ఫిన్ లెక్క నేర్పాలి. నోటి ద్వారా 4 గంటలకోసారి 10 మిల్లీగ్రాములంటే రోజుకు 60. మధ్యలో నొప్పి తిరగబెడితే ఇచ్చే అదనపు డోసు రోజు మొత్తంలో ఆరో వంతు నుంచి పదో వంతు, అంటే 6 నుంచి 10. ఈ డోసు రాయడం మరచిపోతారు, మొదటి రోజునుంచే ఇవ్వాల్సిన విరేచనకారినీ మరచిపోతారు. అసలు ప్రమాదం మాత్ర నుంచి ఇంజెక్షన్‌కు మార్చేటప్పుడు. నోటి డోసులో సుమారు మూడో వంతే చర్మం కింద ఇవ్వాలి: 60కి 20. కిడ్నీలు దెబ్బతిన్నవారిలో మార్ఫిన్ విచ్ఛిన్నమై ఏర్పడే పదార్థాలు బయటికి పోక పేరుకుంటాయి. మత్తు, ఒంట్లో అదురులు వస్తాయి. అదురు చూసి నొప్పి పెరిగిందనుకుని డోసు పెంచితే ఇంకా ముంచుతుంది. లెక్క రెసిడెంట్ చేతనే వేయించి, మందు వెళ్ళేలోపు మీరు సరిచూడండి.

చెడువార్త చెప్పడం తరగతిలో రాదు. గదిలోకి వెళ్ళేముందు ఐదు నిమిషాలు ఆగి, రోగికి ఏం తెలుసో, ఎవరు మాట్లాడతారో తేల్చుకోండి. వార్త విన్నాక రోగి మౌనంగా ఉంటే కొత్తవాళ్ళు గణాంకాలు మొదలుపెడతారు. ఆ క్షణంలో ఆగడమే వాళ్ళు నేర్చుకోవాల్సింది.

ఇక పరిశోధన. 2010లో వెలువడిన ఊపిరితిత్తుల క్యాన్సర్ అధ్యయనం చూడండి. వ్యాపించిన క్యాన్సర్ కొత్తగా బయటపడిన 151 మందిని చేర్చుకుని, 12 వారాలకే జీవన నాణ్యత కొలిచారు. అప్పటికే 27 మంది పోయారు. మిగిలినవారిలో 107 మంది ప్రశ్నావళి పూర్తిచేశారు. రోగులను ముందుగా చేర్చుకోవడం, కొలత త్వరగా తీసుకోవడం వల్లే ఇది సాధ్యమైంది. మీరూ ప్రశ్నావళి చిన్నదిగా పెట్టండి. సమాధానం రాకపోతే కారణం విడిగా రాయండి: మరణమా, నీరసమా, సిబ్బంది అడగలేదా? మిగిలినవారి సగటునే చూపిస్తే ఫలితం ఉన్నదానికంటే బాగా కనిపిస్తుంది, ఎందుకంటే మిగిలేది కాస్త ఆరోగ్యంగా ఉన్నవారే. సమ్మతి మాత్రం చికిత్స చేస్తున్న డాక్టరు కాకుండా మరొకరు తీసుకోవాలి. లేకపోతే రోగి మొహమాటంతో ఒప్పుకుంటాడు.

చేరేముందు ఒక్క విషయం రాతపూర్వకంగా అడగండి: పరిశోధనకు కేటాయించిన రోజుల్లో వార్డు కాల్స్ ఎవరు చూస్తారు? ఆ పేరు లేకపోతే ఆ రోజులు మీకు మిగలవు.