కణంలోని నీటి మీద పని మొదలుపెట్టబోతున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

కణంలోని నీరు, జెల్‌ల మీదే పరిశోధన చేస్తానని రాశావు. చాలా సంతోషమేసింది. కణం పనుల్లో ముఖ్యం దాని చుట్టూ ఉన్న పొరా, లోపలి జెల్, నీరా అన్న వాదంలో ఎవరి పక్షం ఎంచుకోవాలా అని టెన్షన్ పడుతున్నట్టున్నావు. ఇప్పుడే ఏ పక్షమూ ఎంచుకోకు. ముందు జెల్‌ని చేత్తో పట్టుకుని చూడు, వాదాలు తర్వాత చదువుదువుగాని.

పిల్లల డైపర్‌లోని తెల్లటి పొడిని కొంచెం గ్లాసులో వేసి నీళ్లు పొయ్యి. అది సోడియం పాలీఅక్రిలేట్. తన బరువుకి వందల రెట్లు నీరు పీల్చుకుని, గ్లాసు బోర్లించినా జారనంత చిక్కగా నిలబడుతుంది. ఇప్పుడు చెంచాడు ఉప్పు చల్లి కలుపు. కాసేపట్లో కుంగిపోయి, పట్టిన నీటిని వదిలేస్తుంది. గొలుసులాంటి ఆ అణువుల మీద రుణావేశాలుంటాయి, వాటిని అంటిపెట్టుకుని సోడియం అయాన్లుంటాయి. నీటిని లోపలికి లాగేది ఆ అయాన్లే. బయట కూడా ఉప్పు పెరిగేసరికి ఆ లాగుడు తగ్గిపోయింది. ఇంకో గ్లాసులో కాల్షియం క్లోరైడ్ వేసి చూడు, చాలా తక్కువతోనే ముడుచుకుంటుంది. రెండు ఆవేశాలున్న కాల్షియం రెండు గొలుసుల్ని కలిపి పట్టుకుంటుంది కాబట్టి.

ఇది బాగా గుర్తుపెట్టుకో, ముందు ముందు చాలాచోట్ల ఎదురవుతుంది. శ్లేష్మం తయారుచేసే గోబ్లెట్ కణాలు మ్యూసిన్‌ని, అంటే శ్లేష్మానికి జిగటనిచ్చే ప్రోటీన్‌ని, చిన్న చిన్న సంచుల్లో కుక్కి ఉంచేది కాల్షియం సాయంతోనే. సంచి తెరుచుకుని కాల్షియం వదిలిపోగానే ఆ మ్యూసిన్ నీరు తాగి వందల రెట్లు ఉబ్బుతుంది. పరిస్థితి కొద్దిగా మారినా జెల్ ఒక్కసారిగా ముడుచుకుపోగలదని టోయోఇచి తనాకా అనే శాస్త్రవేత్త 1978లో చూపించారు. చిన్న సంకేతంతో కణం అంత పెద్ద పని ఎలా చేస్తుందని అడిగేవాళ్లు ఇప్పటికీ అక్కడినుంచి మొదలుపెట్టొచ్చు.

తర్వాత మైక్రోస్కోప్‌లో అమీబాని చూడు. తొందరపడకు, లైటు తగ్గించుకుని చూడు. మధ్యలో రేణువులు ముందుకి పరుగెడుతుంటాయి. మిథ్యాపాదం, అంటే అమీబా ముందుకి చాచే భాగం, కొసకి చేరగానే పక్కలకి తిరిగి అక్కడే నిలిచిపోతాయి. అంటే మధ్యలో ద్రవం, అంచున జెల్. తోకవైపు ఆ జెల్ మళ్లీ కరిగి ప్రవాహంలో కలుస్తుంది. ఈ గట్టితనమంతా ఆక్టిన్ అనే ప్రోటీన్ తంతువుల వలది. మన కణాల్లోనైతే కాల్షియం పెరగగానే గెల్సోలిన్ అనే ప్రోటీన్ ఆ తంతువుల్ని తుంచేస్తుంది. ఒక్కసారి ఇది కళ్లారా చూశాక, పుస్తకంలో కణద్రవ్యం అని రాసిన తెల్లటి జాగా నీకు ఖాళీగా కనపడదు. నిజంగానే ఖాళీ లేదు. ఈ. కోలై అనే బాక్టీరియా లోపల లీటరుకి 300 నుంచి 400 గ్రాముల పెద్ద అణువులు ఇరుక్కుని ఉంటాయి. అయినా కణం బరువులో దాదాపు 70 శాతం నీరే.

ఇక వాదాల సంగతి. కణం లోపల పొటాషియం ఎక్కువగా ఉండటానికి పొరలో ఉండి అయాన్లని అటూ ఇటూ తోసే పంపులు కారణం కాదనీ, ప్రోటీన్లూ వాటి చుట్టూ బారులు తీరిన నీరే కారణమనీ గిల్బర్ట్ లింగ్ అనే శాస్త్రవేత్త అన్నారు. జెల్ ఉపరితలం పక్కనుంచి సూక్ష్మగోళాలు దూరంగా జరిగిపోతాయని జెరాల్డ్ పొలాక్ అనే మరో శాస్త్రవేత్త చూపించి, అక్కడి నీరు వేరే దశలో ఉందన్నారు. గోళాలు జరగడం నిజమే, ఇతరులూ చూశారు. కానీ జెల్‌కీ నీటికీ మధ్య అయాన్ల గాఢతలో తేడా ఉంటే చాలు, నీరు వేరే దశలో లేకపోయినా గోళాలు అలాగే జరుగుతాయి. కాబట్టి కళ్లకి కనిపించినదాన్ని ఒక పేజీలో, దానికి చెప్పిన కారణాన్ని వేరే పేజీలో రాసుకో.

ఈ వాదాలు చదివేటప్పుడు 1961 నాటి ఒక ప్రయోగాన్ని పక్కన పెట్టుకో. బేకర్, హాడ్జ్‌కిన్, షా కలిసి స్క్విడ్ పెద్ద నాడీతంతువు లోపలి జెల్‌ని టూత్‌పేస్ట్ పిండినట్టు చాలావరకు బయటికి పిండేశారు. దాని బదులు పొటాషియం లవణ ద్రావణం నింపారు. అయినా నాడీ సంకేతాలు ఎప్పట్లాగే పరుగెత్తాయి. ఆ పని తంతువు చుట్టూ ఉన్న పొరదే అని తేలిపోయింది. సోడియం-పొటాషియం పంపుని వేరుచేసి కృత్రిమ కొవ్వు పొరలో పెట్టినా అది పంపు చేస్తూనే ఉంటుంది. జెల్ గొప్పతనం చెప్పడానికి పొరని కొట్టిపారేయాల్సిన అవసరమేమీ లేదమ్మా. అలాగే, ప్రోటీన్లని అంటుకున్న పలచని పొరలో నీరు కాస్త నెమ్మదిస్తుంది, మిగతాది చాలావరకు మామూలు నీటిలాగే కదులుతుంది. ‘నిర్మాణాత్మక జలం’ అంటూ సీసాలమ్మేవాళ్లు నీ పేరు వాడుకుంటామని వస్తే ఖచ్చితంగా వద్దని చెప్పు.

నన్నడిగితే, ద్రవం జెల్‌గా, జెల్ ద్రవంగా మారే చోటే పని ఎంచుకో. కొన్ని ప్రోటీన్లు కణంలో బిందువులుగా విడిపోతాయి. ఎఫ్‌యూఎస్ అనే ప్రోటీన్ బిందువులు కాలం గడిచేకొద్దీ గట్టిపడతాయి, ఏఎల్ఎస్ అనే నాడీవ్యాధికి దానితో సంబంధముంది. ఆకలితో ఉన్న ఈస్ట్ లోపల ఆమ్లత పెరిగి కణద్రవ్యం బిగుసుకుంటుంది, అదే దాన్ని బతికిస్తుంది కూడా. ఒకచోట రోగం, ఇంకోచోట రక్ష. ఈ తేడా ఎక్కడినుంచి వస్తుందో తెలుసుకోవడానికి ఒక జీవితకాలం పెట్టినా తక్కువే.

కొలతలు తీసేటప్పుడు పీహెచ్, లవణ గాఢత, ఉష్ణోగ్రత ప్రతిసారీ రాసిపెట్టు. ఒకే సైజు రేణువుని వదిలి కణం ద్రవమనో జెల్ అనో తేల్చేయకు. చిన్న రంగు అణువు వల కళ్లలోంచి దూరిపోతుంది, పెద్ద పూస అక్కడే చిక్కుకుంటుంది. కనీసం మూడు సైజులు వాడు. ఏ కణంతో మొదలుపెడుతున్నావో వచ్చే ఉత్తరంలో రాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు