పసివాడికి పిల్లికూతలు.. నెబ్యులైజర్ పెట్టినా తగ్గట్లేదేం?

ప్రశ్న: మా బాబుకు 7 నెలలు. నాలుగు రోజులుగా జలుబు, దగ్గు, ఛాతీలో పిల్లికూతలు. డాక్టర్ బ్రాంకియోలైటిస్ అని చెప్పి, ముక్కులో వేయడానికి సెలైన్ చుక్కలు మాత్రమే రాశారు. పక్కింటి పాపకు ఇలాగే ఆయాసం వస్తే లెవోసాల్బుటమాల్‌తో తగ్గిందంటే, వాళ్ల నెబ్యులైజర్ తెచ్చి రెండు రోజులు పెట్టాం. తగ్గలేదు సరికదా, వాడికి ఒకటే చిరాకు. మందు మార్చాలా? యాంటీబయాటిక్ వేయాలా?
– ఓ పాఠకురాలు, నల్గొండ

జవాబు: ముందు ఆ మిషన్ పక్కింటివాళ్లకు ఇచ్చేయండమ్మా. మీ డాక్టర్ మందు రాయడం మరచిపోలేదు, కావాలనే రాయలేదు.

ఇద్దరు పిల్లల్లోనూ వినిపించే కూత ఒకటే అయినా కారణం వేరు కావచ్చు. ఉబ్బసంలో గాలిగొట్టాల చుట్టూ ఉండే కండరం బిగుసుకుంటుంది. లెవోసాల్బుటమాల్ దాన్ని వదులు చేస్తుంది కాబట్టి కాసేపట్లోనే ఆయాసం తగ్గుతుంది. బ్రాంకియోలైటిస్ అలా కాదు. ఇది వైరస్ వల్ల, ఎక్కువగా ఆర్‌ఎస్‌వీ (రెస్పిరేటరీ సిన్సీషియల్ వైరస్) వల్ల వస్తుంది. చిట్టచివరి సన్నటి గొట్టాల లోపలి పొర వాచి, కఫం అడ్డుపడుతుంది. అసలు సమస్య కండరంలో లేనప్పుడు ఆ మందు చేసేదేముంది? గుండె దడ, వణుకు, చిరాకు తప్ప. మీ బాబు చిరాకుకు అదీ ఒక కారణం కావచ్చు.

అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2014లోనే ఈ జబ్బుకు సాల్బుటమాల్ (మీరు పెట్టిన లెవోసాల్బుటమాల్ ఈ కోవదే), ఎడ్రినలిన్, స్టెరాయిడ్లు ఇవ్వొద్దని చెప్పింది. నిజం చెప్పాలంటే, ఒకప్పుడు మేమూ నెబ్యులైజర్ తెగ పెట్టేవాళ్లం. పొగలా మందు వస్తుంటే ఏదో వైద్యం జరుగుతోందని ఇంట్లోవాళ్లకూ ధైర్యం, మాకూ తృప్తి! ఏడాది దాటిన పిల్లలకు పిల్లికూతలు మాటిమాటికీ వస్తున్నా, ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉన్నా లెక్క వేరు. అప్పుడు డాక్టరే మందు ఇచ్చి, ఫలితం చూసి నిర్ణయిస్తారు.

యాంటీబయాటిక్ వైరస్ మీద పనిచేయదు. బ్యాక్టీరియా వల్ల నెమ్ము చేరిందని డాక్టర్‌కు అనుమానం వస్తేనే అది కావాలి. ఇక దగ్గు సిరప్ జోలికి అసలు పోవద్దు. రెండేళ్లలోపు పిల్లలకు వాటిని రాయొద్దని కేంద్ర ఆరోగ్య శాఖ 2025 అక్టోబరులో స్పష్టంగా చెప్పింది.

మరి ఏం చేయాలి? ముక్కు చూడండి. ఈ వయసు పిల్లలు ఎక్కువగా ముక్కుతోనే గాలి పీలుస్తారు. అది మూసుకుపోతే పాలు తాగలేరు, రెండు గుక్కలు తాగి వదిలేసి ఏడుస్తారు. పాలు పట్టే ముందు ఒక్కో ముక్కులో రెండు మూడు సెలైన్ చుక్కలు వేసి, నిమిషం ఆగి, బల్బ్ సిరంజితో మెల్లగా చీమిడి లాగేయండి. ఒకేసారి కడుపునిండా పట్టకుండా కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పట్టండి. స్నానం తర్వాత సాంబ్రాణి పొగ వేసే అలవాటుంటే మానేయండి (అత్తగారికి నా పేరు చెప్పండి, పర్వాలేదు). కర్పూరం, ఘాటైన బామ్‌లు ఛాతీకి రాయొద్దు.

మూడు నుంచి ఐదో రోజు దాకా ఆయాసం ఎక్కువగా ఉంటుంది. మీరిప్పుడు సరిగ్గా ఆ మధ్యలోనే ఉన్నారు. దగ్గు మాత్రం రెండు మూడు వారాలు సాగొచ్చు.

బాబు నిద్రపోతున్నప్పుడు చొక్కా పైకెత్తి, ఫోన్‌లో టైమర్ పెట్టుకుని నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. 50 లేదా అంతకు మించితే, డొక్కలు ఎగరేస్తుంటే, మూలుగుతుంటే, ఎప్పుడూ తాగే పాలలో సగం కూడా తాగకపోతే, మూత్రం బాగా తగ్గితే ఆస్పత్రికి తీసుకెళ్లండి. పెదాలు నీలంగా మారినా, మధ్యమధ్యలో ఊపిరి ఆగుతున్నా ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెడతారు. తాగలేకపోతే ముక్కు గొట్టం ద్వారా పాలు పడతారు, లేదా నరం ద్వారా సెలైన్ ఎక్కిస్తారు. ఈ జబ్బులో అసలు వైద్యం అదే. వెళ్లినప్పుడు నెబ్యులైజర్‌లో ఏ మందు, ఎన్నిసార్లు వేశారో దాచకుండా డాక్టర్‌కు చెప్పండి.